మూటలోంచి ఒక్క ముక్క

శుక్రవారం పొద్దున సెనైదా పిన్ని చుట్టల ఫ్యాక్టరీ హాల్లో అందరి ముందూ చదవాలి. చదవగలిగితే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే ఆమె కూర్చునే ఎత్తుబల్ల తీసేసి అక్కడ రేడియో పెడతారు. మా ఊరు కబైగువాన్‌లో ఈ సంగతి తెలియని పిల్లికూన కూడా లేదు.

చుట్టల ఫ్యాక్టరీలో పుస్తకం చదవడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. చుట్టలు చుట్టేవాళ్లకి చేతుల నిండా పని, చెవులేమో ఖాళీ. ముత్తాతల కాలం నుంచీ ఎవరో ఒకరు ఎత్తుబల్ల మీద కూర్చుని పొద్దున పేపరూ, మధ్యాహ్నం నవలా గొంతెత్తి చదువుతూనే ఉన్నారు. ఏ నవల చదవాలో పనివాళ్లే తేలుస్తారు. ఎవరు చదవాలో కూడా వాళ్లే తేలుస్తారు. మా అమ్మ ఆ హాల్లోనే చుట్టలు చుట్టేది. బడి అయ్యాక నేను ఆమె బల్ల కింద కూర్చుని, పొగాకు ఈనెలతో బొమ్మలు చేసుకుంటూ, సెనైదా పిన్ని గొంతులో మంచు కురవడం విన్నాను, ఓడలు మునగడం విన్నాను. మంచు ఇప్పటికీ నేను చూడలేదు. చూసినా ఆమె చదివినంత బాగుండదని నా నమ్మకం.

ఆ పిన్నికి కళ్లు పోయాయి. ఒక్కసారిగా కాదు. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు అది, చీకటి అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చింది. డాక్టర్ ఆ మాట చెప్పిన వారంలోనే ఆమె అంధుల సంఘానికి వెళ్లి బ్రెయిలీ నేర్చుకోవడానికి కూర్చుంది. ఇంకా చూపున్న మనిషి కళ్లకు గుడ్డ కట్టుకుని చుక్కలు తడుముతుంటే అందరూ నవ్వారట. "నవ్వండర్రా. వాన పడ్డాక ఇల్లు కప్పుకునే తెలివి మీరే ఉంచుకోండి" అందట.

వేళ్లు సిద్ధమయ్యాయి గానీ వేళ్లకు చదవడానికి ఏమీ లేదు. సంఘంలో బ్రెయిలీ పుస్తకాలు బీరువాలో ఒక అరకు మించి లేవు. వాటిని ఆమె ఎప్పుడో తడిమేసింది. ఇవాళ్టి పేపరు చుక్కల్లో ఎవరిస్తారు? పనివాళ్లు కోరిన నవల ఎవరిస్తారు? సంఘం గదిలో గుడ్డ కప్పి ఒక చుక్కల యంత్రం ఉంది. ఏదో దేశంవాళ్లు దానం ఇచ్చినది. మందపాటి కాగితం పెడితే సూదులతో చుక్కలు పొడుస్తుంది. అయితే అక్షరాలను చుక్కలుగా మార్చి దానికి అందించే ప్రోగ్రామ్ పాత కంప్యూటర్‌తోపాటే చచ్చిపోయింది. అప్పట్నుంచీ ఆ యంత్రం మీద పూలకుండీ పెట్టుకున్నారు.

నేను ఊరి కంప్యూటర్ క్లబ్బులో పని చేస్తాను. పిన్ని చెయ్యి గోడకు ఆనించుకుంటూ అక్కడికి వచ్చింది.

"దయామీ, ఆ యంత్రం చేత పని చేయించగలవా పిల్లా?"

"పని చేయించడమేంటి పిన్నీ, డాన్సు చేయిస్తాను" అన్నాను. నాకెప్పుడూ నోరు ముందు, బుద్ధి వెనక.

నా స్నేహితురాలు ఒకతె హవానా నుంచి డిస్కులో ఒక పెద్ద ప్రాజెక్టు పంపింది. లోకంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి, డబ్బు తీసుకోకుండా, అంధుల కోసం రాసి పెట్టినది. తెర మీది మాటలు చదివి వినిపించే గొంతు, అక్షరాలను పెద్దవి చేసి చూపేది, కాగితాన్ని ఫోటో తీసి చదివేది, పాటల స్వరాలు చుక్కల్లో రాసేది, అన్నీ ఒకే మూటగా కట్టి ఉన్నాయి. మా బ్రెయిలీ కూడా అందులోనే ఎక్కడో ఉంది. సంఘానికి మా క్లబ్బు ఇవ్వగలిగిన కంప్యూటరూ చాలా పాతదే కాబట్టి, మనుషులు రాసిన రూపం నుంచి ఆ కంప్యూటర్‌కు మింగుడుపడే రూపంలోకి దాన్ని మేమే మార్చుకోవాలి. మా పనిలో దీన్ని బిల్డ్ చేయడం అంటాం. మూట మొత్తం బిల్డ్ కావాలంటే పొద్దున మొదలుపెడితే సాయంత్రమవుతుంది. మా ఊళ్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉన్న రోజు ఏదో ముసలివాళ్లను అడిగి తెలుసుకోవాలి.

మొదటిసారి మూడో వంతు దగ్గర కరెంటు పోయింది. తర్వాత సగం దగ్గర. పోయినప్పుడల్లా సగంలో తెగిన ఫైళ్లు కుళ్లిపోతాయి, మళ్లీ మొదటికి రావాలి. ఒకసారి దేవుడు దయతలచి కరెంటు నిలిస్తే, చివరికంటా వెళ్లి, గొంతు వినిపించే భాగం దగ్గర ఆగిపోయింది. ఈ కంప్యూటర్‌కి నన్ను మోసే ఓపిక లేదు అని దాని భావం. ఒక భాగం ఆగితే మూట మొత్తం ఆగుతుంది. ఆ రోజు నేను తిట్టిన తిట్లకు క్లబ్బులో చదరంగం ఆడుకుంటున్న పెద్దలు బయటికి వెళ్లిపోయారు.

క్లబ్బుకు పెద్ద రిగో. పెద్ద అంటే తాళాలు అతని దగ్గర ఉంటాయి, అంతే. గుమ్మంలో నిలబడి చూస్తూ అన్నాడు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. మన డొక్కు మీద పాటలు రాసేదీ, ఫోటోలు చదివేదీ, అన్నీ కావాలా తల్లీ నీకు?"

"నాకెందుకు? నాకు చుక్కలు చాలు."

"మరి చుక్కలే చేసుకో."

వెటకారానికే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అవును, మిగతావన్నీ ఎందుకు మోస్తున్నాను? మూట కట్టి ఇచ్చారు కాబట్టి మూటే ఎత్తుతున్నాను. విప్పి చూద్దామని తోచలేదు.

ఆ మధ్యాహ్నమంతా కరెంటు లేదు. ఫోన్‌లో ఆ ప్రాజెక్టు రాత చదువుతూ కూర్చున్నాను. ఒక భాగం ఇంకో భాగాన్ని అడుగుతుంది, అది మరోదాన్ని అడుగుతుంది. పెళ్లింటి వంటగదిలా ఒకరి గరిటె ఇంకొకరి చేతిలో ఉంది. తలనొప్పి వచ్చింది. అలా తిప్పుతూ తిప్పుతూ బ్రెయిలీ భాగం దగ్గరికి వచ్చాను. చదివాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. అది ఎవరినీ ఏమీ అడగడం లేదు. అక్షరం ఇస్తే తీసుకుంటుంది, చుక్కలు ఇస్తుంది. అంతే. ఇంత పెద్ద సంసారంలో ఉంటూ ఎవరి మీదా ఆధారపడకుండా, ఒక మూల, తన పని తాను చేసుకుంటోంది. రాసినవాళ్ల పేరు పైన ఉంది. పలకడం నాకు రాలేదు. ఏ దేశమో తెలియదు. ఏదో ఒక రోజు ఎవరికో ఇది ఒక్కటే కావలసి వస్తుందని ఆ మనిషికి తట్టి ఉండాలి. లేకపోతే ఇంత శుభ్రంగా ఎవరు రాస్తారు? నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ముఖం కూడా తెలియని మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

"రిగో, దీన్ని విడిగా బిల్డ్ చేస్తాను" అన్నాను.

"చెయ్యలేవు. పుట్టడమే మిగతావాటితో కలిసి పుట్టింది."

"కలిసి పుట్టినంత మాత్రాన విడిగా బతకరా? మీ కవల తమ్ముడు బతకడం లేదూ?"

"వాడి బతుకు గురించి ఎత్తకు" అంటూనే కాఫీ పెట్టడానికి లేచాడు. అప్పుడే కరెంటు వచ్చింది.

ఆ ఒక్క భాగాన్ని పక్కకు తీశాను. దాన్ని మూటకు కట్టిన ముడులు ఒక్కొక్కటీ విప్పాను. సంగీతం అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు. మిగిలింది చూస్తే అరచేతిలో పట్టేంత ఉంది. బిల్డ్ మొదలుపెట్టి, అలవాటు కొద్దీ దీపం వైపు చూస్తూ, పోవద్దు పోవద్దు అని గొణుక్కున్నాను. తెర మీద కొన్ని వరుసలు గబగబా పరిగెత్తి ఆగిపోయాయి.

"మళ్లీ ఆగిందా?" అన్నాడు రిగో పొయ్యి దగ్గర్నుంచి.

"ఆగలేదు. అయిపోయింది."

"ఏంటి అయిపోయేది? కాఫీ ఇంకా పొంగందే!"

పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం తెర వైపు అలాగే చూశాం. నేను సెనైదా అని టైపు చేశాను. ఏ తంటా లేకుండా, ఏ ఆలోచనా లేకుండా, చుక్కలు వచ్చి పక్కన కూర్చున్నాయి. వారాల తరబడి కొండను నెత్తికెత్తుకోబోయాం. కావలసింది ఇది. ఇంతే. రిగో ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి, "కొండను తవ్వి ఎలుకను పట్టావన్నమాట" అన్నాడు.

"ఆ ఎలుకే నాకు కావాలి" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. బఠానీ పొడి కలిపిన ఆ రేషన్ కాఫీ ఆ రోజు అమృతంలా ఉంది.

సంతోషం ఒక్క రోజు కూడా నిలవలేదు. మరునాడు, బుధవారం, సంఘం గదిలో పూలకుండీ దించి యంత్రానికి పని పెట్టాం. బ్రెయిలీ కాగితం మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? చుట్టల పెట్టెల లోపల పరిచే మందపాటి కాగితం ముక్కలు ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చారు. మొదటి పేజీ బయటికి రాగానే గోడకున్న బ్రెయిలీ పటంతో ఒక్కొక్క అక్షరం సరిచూశాను. ఒక్క తప్పు లేదు. గర్వంగా పిన్ని చేతిలో పెట్టాను.

పిన్ని వేలు కాగితం మీద నడిచింది. వెనక్కి వచ్చింది. మళ్లీ నడిచింది.

"ఎక్కడ మొదలైందే?"

"అక్కడే పిన్నీ. నీ వేలి కిందే."

"నా వేలి కింద కాగితం ఉంది తల్లీ. అక్షరం లేదు."

"ఉంది పిన్నీ! నేను పటంతో సరిచూశాను. సరిగ్గా తడుము" అని విసుక్కున్నాను. ఆమె కాగితం నా చేతికిచ్చి, "కళ్లు మూసుకో" అంది.

మూసుకున్నాను. వేలు పెట్టాను. నున్నగా ఉంది. చుక్కలు కంటికి కనిపించేంత ఉన్నాయి, వేలికి అందేంత లేవు. చూపులేని మనిషి కోసం చేసిన పనిని నేను చూపుతో సరిచూశాను! సిగ్గుతో చెవులు కాలాయి.

"ఏడవకు. శుక్రవారానికి ఇంకా టైముంది" అంది పిన్ని. ఏడుస్తున్నానని ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు.

తప్పు ఆ భాగానిది కాదు, నాది. యంత్రం ఎంత బలంగా పొడవాలో చెప్పడం మూటలో ఇంకో భాగం పని. నేను దాన్ని అవతల పారేసి వచ్చాను. చెప్పేవాళ్లు లేక యంత్రం మొహమాటంగా తాకి ఊరుకుంది. విడిగా తీసుకొచ్చినప్పుడు, తోడున్నవాళ్లు అడక్కుండానే చేసి పెడుతున్న పనులు కూడా చూసుకోవాలి కదా. ఆ ఒక్క ఆజ్ఞ నేనే రాసి ముందు చేర్చాను. గురువారం యంత్రం మళ్లీ మొదలుపెడితే ఇంటి కప్పుకు మేకులు కొట్టినట్టు మోత. వీధిలో జనం తొంగిచూశారు.

పిన్ని వేలు పెట్టింది. వేలు ఆగింది, కదిలింది, పెదవులు కదిలాయి.

"దయామీకి... నోరెక్కువ... బుద్ధి... తక్కువ." నేను పరీక్షకని టైపు చేసిన మాటలు అవి. పిన్ని పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆ కాగితం గుండెకు ఆనించుకుంది. "నిన్నటిదాకా నాకు పాత పుస్తకాలే మిగిలాయే. ఈ మాట ఇవాళ పుట్టింది. ఇవాళ పుట్టిన మాట చదివాను" అంది. నేను వెంటనే నవల పేజీలు టైపు చేయడానికి కూర్చున్నాను.

శుక్రవారం రిగో సైకిల్ బండి మీద యంత్రాన్నీ కంప్యూటర్‌నూ ఫ్యాక్టరీకి చేర్చాడు. హాలు పక్కనున్న ఆఫీసు గదిలో పెట్టాం. పేపరు ఇంకా రాలేదు కాబట్టి, ముందురోజు పొడిచి ఉంచిన నవల పేజీలతో పిన్ని ఎత్తుబల్ల ఎక్కింది. డైరెక్టర్ ఫుందోరా తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెడ్డవాడు కాడు. రేడియో అయితే ఖర్చు లేదు, తగాదా లేదు అని అతని లెక్క.

పిన్ని చదవడం మొదలుపెట్టింది. ఇదివరకు చదివేటప్పుడు ఆమె తల కిందికి ఉండేది, మాకు నుదురే కనిపించేది. ఇప్పుడు వేళ్లు కింద, ముఖం పైన. హాలంతా ఆమె ముఖం చూస్తోంది, ఆఫీసు గుమ్మంలోంచి నేనూ. కోపం వచ్చినప్పుడు కనుబొమలు ఎలా లేస్తాయో, దొంగ మాటలు చదివేటప్పుడు మూతి ఎలా వంకర పోతుందో ఇన్నేళ్లకు చూశారు. ఇంత అందమైన మనిషా ఈవిడ అనుకున్నాను.

మూడు పేజీలయ్యాయి. వెనక వరుసలోంచి ఎలిహియో లేచాడు. హాల్లో అందరికంటే పాత చేయి ఆయనది. చుట్ట చుడితే తూకం వెయ్యక్కర్లేదు, నోరు విప్పితే ఎవరో ఒకరు ఏడవాల్సిందే.

"ఆపమ్మా. అదంతా నువ్వు కంఠస్థం చేసుకొచ్చావు. నీ జ్ఞాపకశక్తి సంగతి మాకు తెలియందా? కాగితాల మీద చేతులాడించి మమ్మల్ని మాయ చేస్తున్నావు."

"మాయ నాకు వస్తే ముందు నీ నోరు కుట్టేదాన్ని ఎలిహియో" అంది పిన్ని. హాలు నవ్వింది.

ఫుందోరా ముందుకొచ్చాడు. "ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కంఠస్థం చేసి ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?"

"అయితే నాకు తెలియనిది ఇవ్వండి" అంది పిన్ని.

"నేనిస్తాను" అన్నాడు ఎలిహియో. "ఆవిడకే కాదు, ఇక్కడ ఎవడికీ తెలియనిది ఇస్తాను."

గట్టిగా అడుగులేసుకుంటూ ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు వేశాడు. లోపల నేను, ఆయన, యంత్రం. "టైపు చెయ్యి పిల్లా. ఒక్క ముక్క మార్చావంటే ఊరుకోను" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి నా వేళ్లు ఆగిపోయాయి. ఆయన గోడ వైపు తిరిగి నిలబడి, "ఊఁ, కానీ" అన్నాడు. ముగించాక నేను మీట నొక్కాను. ఆ చిన్న ముక్క ఏ తడుములాటా లేకుండా ఆయన మాటల్ని చుక్కలు చేసింది. యంత్రం వాటిని కాగితంలోకి దిగగొట్టింది. అప్పుడే బయటికొచ్చిన కాగితాన్ని ఆయనే తీసుకెళ్లి పిన్ని చేతిలో పెట్టి, తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, ఆకు అందుకున్నాడు.

పిన్ని వేలు పెట్టింది. చదివింది.

"మా ఆవిడ మిగ్దాలియా పోయిన మర్నాడు నేను పనికి వచ్చాను. వీడిది రాతి గుండె అన్నారు మీరంతా. ఇంట్లో కూర్చుంటే..." ఆమె వేలు ఒక్క క్షణం నిలిచింది. ఎవరి మాటలో ఆమెకు అర్థమైంది. అయినా ఆపలేదు. చదివే మనిషి ఆపకూడదు. "ఇంట్లో కూర్చుంటే నిశ్శబ్దం నన్ను తినేస్తుందని వచ్చాను. ఆ రోజు సెనైదా ఏం చదివిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. కానీ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక మనిషి మాట్లాడుతూనే ఉంది. దాన్ని పట్టుకుని ఆ రోజు గట్టెక్కాను. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు."

చుట్టకింత అని కూలి తీసుకునే హాలు అది. ఎంత గొప్ప నవలైనా అక్కడ చేతులు ఆగవు. ఆ రోజు ఆగాయి. ఎలిహియో ఒక్కడే తల వంచుకుని చుడుతున్నాడు, ఆకు చిరిగిపోయినా చుడుతున్నాడు. ఆ మాటలు ఆ ముసలాయన నోట్లోంచి నా వేళ్లలోకి వచ్చాయి, నా వేళ్లలోంచి ఎవరో తెలియని మనిషి రాసిన ప్రోగ్రామ్‌లోకి వెళ్లాయి, చుక్కలై పిన్ని వేలి కిందికి వచ్చి, గొంతై అందరికీ చేరాయి. ఒక్క మాట కూడా దారిలో పోలేదు. నేను చేసిన పనే. అయినా నాకు నమ్మశక్యం కాలేదు.

ఫుందోరా గొంతు సవరించుకున్నాడు. "సెనైదాయే చదవాలన్నవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ముందు వరుసలు, వెనక వరుసలు, కిటికీల దగ్గరివాళ్లు, ఆకులు వేరుచేసే ఆడవాళ్లు, అందరూ. ఎత్తని చెయ్యి ఒక్కటి నాకు కనిపించలేదు. ఎలిహియోది కూడా పైనే ఉంది. ఎవరూ మాట్లాడలేదు, ఓటు వేసేటప్పుడు మాట్లాడరు.

పిన్ని ఎత్తుబల్ల మీద నిలబడి ఎదురుచూస్తోంది. ముఖం హాలు వైపు ఉంది. నిశ్శబ్దం. ఆ ముఖంలో రంగు మెల్లగా దిగిపోవడం చూశాను. ఎవరూ లేరనుకుంటోంది! ఎవరైనా చెప్పండి అని మనసులో కేకలు పెడుతున్నాను, ఓటు లేనిదాన్ని, నేను నోరెత్తకూడదు. ఆమె పేజీలు ఒక్కొక్కటీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఎలిహియో అది చూశాడు. ఎత్తిన చెయ్యి దించి, ఆకు కోసే వంపు కత్తి తీసుకుని, దాని వెడల్పు వైపుతో బల్ల చెక్క మీద ఒక్కటి కొట్టాడు.

"కళ్లు కనపడనిదానికి చేతులెత్తి ఏం లాభంరా సన్నాసుల్లారా! కొట్టండి!"

పక్క బల్ల కొట్టింది. ఆ వరుస కొట్టింది. హాలు మొత్తం కత్తులు చెక్కల మీద పడ్డాయి. కిటికీ అద్దాలు అదిరాయి, నా పళ్లు అదిరాయి. పిన్ని రెండు అరచేతులూ తన ముందున్న బల్ల మీద ఆనించి నిలబడింది. ఆ చెక్కలోంచి వస్తున్నదంతా అరచేతులతో తీసుకుంటోంది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఎవరూ ఆపడం లేదు.

చివరికి ఆమే చెయ్యెత్తింది.

"చాలు చాలు, చెక్కలు పగులుతాయి" అంది. తర్వాత ఆఫీసు గది వైపు తల తిప్పి, "దయామీ! పేపరు వచ్చిందా లేదా? ఈ మనుషులు వార్తల కోసం కూర్చున్నారు" అంది.

వచ్చింది. వీధి గుమ్మంలో పడి ఉంది. నేను ముక్కు తుడుచుకుని, పేపరు అందుకుని, మొదటి వార్త టైపు చేయడానికి పరిగెత్తాను.